చేబదులూ అప్పూ: వడ్డీ మీద మతాలు చెప్పిన మాట



ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మా లెక్కల మాస్టారి పేరున ఆయన శిష్యులు బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏటా వచ్చే వడ్డీతో ఈ ఉపన్యాసం జరుగుతోంది. హాలు అద్దె, మీరు తాగిన టీ, రేపు అచ్చయ్యే చిన్నపుస్తకం, నా పారితోషికం అన్నీ ఆ వడ్డీలోంచే. వడ్డీని మతాలు ఎందుకు వద్దన్నాయో వడ్డీ డబ్బు పుచ్చుకుని చెప్పబోతున్నాను. మాస్టారుంటే నవ్వేవారు. బారువడ్డీ, చక్రవడ్డీ మాకు నేర్పింది ఆయనే. లెక్క తప్పితే ఊరుకునేవారు గానీ, లెక్కలో ఉన్న మనిషిని మరిచిపోతే ఊరుకునేవారు కాదు.

ఈ ఏర్పాటు మనకు కొత్తదేమీ కాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం శాసనాల్లో అఖండదీపాలకు గొర్రెలిచ్చిన దాతలు కనిపిస్తారు. మందను తీసుకున్న కాపరి రోజూ ఇంత నెయ్యి అని గుడికి కొలవాలి. మంద తరగకూడదు, దీపం కొండెక్కకూడదు. మంద అసలు, నెయ్యి వడ్డీ. గొర్రె ఈనుతుంది కనుక ఆ లెక్క నడిచింది. రూపాయి ఈనుతుందా? అరిస్టాటిల్ అడిగిన ప్రశ్న అదే. గ్రీకులో వడ్డీకీ, కన్నబిడ్డకూ ఒకటే మాట, టోకోస్. మన ‘వడ్డి’ సంస్కృతం ‘వృద్ధి’ నుంచి వచ్చింది. అరబ్బీ ‘రిబా’కు అర్థం పెరుగుదల. హీబ్రూలో మాత్రం వడ్డీని ‘నెషెఖ్’ అన్నారు. అంటే కాటు. మిగిలిన వాళ్లంతా అప్పిచ్చినవాడి అరుగు మీద కూర్చుని పేరు పెట్టారు. యూదులు పుచ్చుకున్నవాడి గుమ్మంలో నిలబడి పెట్టారు.

మన భాషలో ఇంకో మంచి మాట ఉంది. చేబదులు. నోటు ఉండదు, సాక్షి ఉండడు, వడ్డీ అసలే ఉండదు. చేబదులు ఇచ్చి వడ్డీ అడిగితే ఆ ఇంటి పరువు పోతుంది. మా ఊళ్లో, కాలవగట్టు మీది వీధిలో, మా అమ్మా, పక్కింటి సాయిబుల అత్తయ్యా బియ్యం చేబదుళ్లు తీసుకునేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు మా అమ్మ సోలను గోపురంలా నింపేది. అది ఆమె మర్యాద. అత్తయ్య అరచేత్తో తలకొట్టి, పైన మిగిలినవి మా చేటలోనే పోసేది. “ఇచ్చినన్నే చాలొదినా” అనేది. మా అమ్మ ఆమెకు బియ్యం మీద కూడా మొహమాటమే అనుకునేది. బంగారం, వెండి, గోధుమ, యవలు, ఖర్జూరం, ఉప్పు, వీటిని అదే సరుకుతో మార్చుకునేటప్పుడు కొలతకు కొలత సరిపోవాలని ప్రవక్త చెప్పినట్టు హదీసులో ఉందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆమె చదివిందో లేదో నాకు తెలియదు. ఆమె చేతికి మాత్రం తెలుసు.

ఖురాన్ రెండో అధ్యాయంలో వ్యాపారానికి అనుమతి ఉంది, రిబాకు నిషేధం ఉంది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే చేతికి డబ్బు ఆడేదాకా గడువు ఇమ్మని, మాఫీ చేస్తే మరీ మంచిదని అక్కడే ఉంది. కడపటి హజ్ ప్రసంగంలో ప్రవక్త మొట్టమొదట రద్దు చేసింది సొంత పినతండ్రి అబ్బాస్‌కు రావలసిన వడ్డీని. చట్టం ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టడం రాజకీయాల్లో అరుదు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

బైబిలు పాత నిబంధనలో నిర్గమ, లేవీయ, ద్వితీయోపదేశ కాండాలు మూడూ ఈ మాట ఎత్తుకున్నాయి. మొదటి రెండింటిలో మాట పేదవాడి గురించి, చితికిపోయిన తోటివాడి గురించి. మూడోది సోదరుడి దగ్గర వడ్డీ వద్దని, పరదేశి దగ్గర తీసుకోవచ్చని చెప్పింది. మన మాటల్లో సోదరుడికి చేబదులు, పరదేశికి అప్పు. క్రైస్తవ సంఘం 325లో నైసియా సభలో మతగురువులు వడ్డీకి ఇవ్వడాన్ని నిషేధించింది. 1179 నాటి లాటెరన్ సభ పేరుమోసిన వడ్డీ వ్యాపారులకు క్రైస్తవ సమాధి కూడా దక్కకూడదంది. తర్వాత కాల్విన్ 1545లో ఆకలికి తీసుకునే అప్పు వేరు, వ్యాపారానికి తీసుకునే అప్పు వేరు అని సందు తెరిచాడు. ఆ సందులోంచే నేటి బ్యాంకులన్నీ నడుస్తున్నాయి. విజయవాడలో గుణదల మేరీమాత కొండకు నేను చాలాసార్లు వెళ్లాను. వడ్డీ మీద ప్రసంగం అక్కడా వినలేదు, ఇంద్రకీలాద్రి మీదా వినలేదు. అన్ని మతాలవాళ్లమూ ఈ ఒక్క అధ్యాయాన్ని కలిసికట్టుగా మరిచిపోయాం.

మన ధర్మశాస్త్రాల దారి వేరు. వడ్డీ వ్యాపారి ఇంట అన్నం తినొద్దని, అతన్ని శ్రాద్ధానికి పిలవొద్దని మనువు అన్నాడు. బ్రాహ్మణ, క్షత్రియులు వడ్డీకి ఇవ్వొద్దన్నాడు. అలాగని వడ్డీనే తీసెయ్యలేదు, రేటు కట్టాడు. వసిష్ఠుడి పేర చెప్పిన రేటు నెలకు అసలులో ఎనభయ్యో వంతు. అంటే నూటికి రూపాయి పావలా. పక్కనే ఇంకో రేటుంది. బ్రాహ్మణుడి దగ్గర నూటికి రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర అయిదు. లేనివాడికే ఎక్కువ వడ్డీ వెయ్యడం శాస్త్రం ఒప్పుకున్న అన్యాయం. నేటి బ్యాంకు భాషలో దాన్ని రిస్కు అంటారు. పేరు మారింది, అయిదు రూపాయలు కట్టే మనిషి మారలేదు.

కౌటిల్యుడు ఈ రిస్కును దాచకుండా లెక్కగట్టాడు. నూటికి రూపాయి పావలా ధర్మం, వర్తకానికి అయిదు, అడవులు దాటి వెళ్లే వర్తకులకు పది, సముద్రం మీద వెళ్లేవాళ్లకు ఇరవై. పులులూ దొంగలూ ఉన్న దారికి పది రూపాయలు. బందరు రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషికి ఇవాళ పది రూపాయల వడ్డీ ఏ అడవిని చూసి వేస్తున్నారు?

ఇంత చెప్పి మనువు ఒక మూత కూడా పెట్టాడు. వడ్డీ ఎంత పెరిగినా రాబట్టేది మొత్తం మీద అసలుకు రెట్టింపు దాటకూడదు. ధాన్యం వంటివాటికి లెక్క వేరు. డబ్బుకు మాత్రం రెట్టింపే హద్దు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు గనుక, ఈ రుణధర్మం మన భాషలోకి ఎప్పుడో వచ్చింది. మాస్టారి శిష్యుణ్ణి కాబట్టి ఈ మూతను లెక్కలో పెట్టి చూపిస్తాను. రూపాయి పావలా వడ్డీకి అసలు రెట్టింపయ్యేది 80 నెలలకు. రెండు రూపాయల వడ్డీకి 50 నెలలకు. పది రూపాయల వడ్డీకి 10 నెలలకే మూత తగులుతుంది. పదకొండో నెల వడ్డీకి తలుపు కొట్టేవాడు శాస్త్రం హద్దు దాటినవాడే.

ఈ మూత పుస్తకాల్లోనే ఉండిపోలేదు. మన కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, రాజాజీ మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల రుణాల మీద చట్టం తెచ్చింది. రైతు అసలు కిందో వడ్డీ కిందో అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే బాకీ మొత్తం తీరిపోయినట్టే అంది. మళ్లీ 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన చట్టంలోనూ అదే మాట ఉంది. వడ్డీ కింద అసలును మించి వసూలు చేయరాదు. స్మృతి, రాజాజీ, మొన్నటి శాసనసభ ముగ్గురూ ఒకే గీత దగ్గర ఆగారు. ఎవరూ ఎవర్ని చూసి రాశారని నేననను. చివరికి ఎక్కడ ఆపాలో అడిగితే మన నేలలో వచ్చే జవాబు అదేనేమో.

అయితే మూత పెట్టడం వేరు, పొయ్యి ఆర్పడం వేరు. 2006 మార్చిలో మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే అధికారులు రెండు పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు 50కి పైగా మూయించారు. 2010 చట్టంతో రాష్ట్రమంతటా వసూళ్లు నిలిచిపోయాయి, సంస్థలు కొత్త అప్పులు ఆపేశాయి. గ్రూపు అప్పు పుట్టని ఆడవాళ్ల అవసరం ఆగిందా? పిల్లల ఫీజులు ఆగాయా? అయిదేళ్లు తిరిగేసరికి, 2015 డిసెంబరులో, కాల్‌మనీ బయటపడింది. ఫోన్ చేసిన క్షణాన మొత్తం కట్టాలి, అదీ ఆ అప్పు షరతు. నూటికి పది, ఆపైన వడ్డీ. ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులు. కట్టలేని ఆడవాళ్ల మీద లైంగిక దోపిడీ. బాధితుల ఫిర్యాదులతో పోలీసు సోదాలు జరిగాయి, ఆ శీతాకాలం శాసనసభ దానిమీదే అట్టుడికింది. విజయవాడ పేరు దేశంలోని పత్రికల్లో ఆ మాటతో కలిసి అచ్చయింది. 2010 చట్టమే కాల్‌మనీని పుట్టించిందని నేను అనను, కాల్‌మనీ అంతకు ముందూ ఉంది. కానీ ఒక తలుపు మూసి ఇంకోటి తెరవకపోతే ఎవరు కిటికీలోంచి దూరతారో చూశాం.

నాకు తోచిందేమిటంటే, మతాలు భయపడింది వడ్డీ అంకెకు కాదు. కాదనలేని మనిషి చేతికి అప్పు అమ్మడానికి. చేబదులు అడగాల్సినవాడికి అప్పు పెట్టడమే ఆ పాపం. కాల్‌మనీ వ్యాపారి రెండు రూపాయల వడ్డీకే ఇచ్చి, ఖాళీ నోటు మీద సంతకం తీసుకుని, అర్ధరాత్రి ఫోన్ చేసినా అది ఆ పాపమే అయ్యేది. ఎనిమిది శాతానికి లారీ కొనుక్కునే యజమానిని చూసి ఏ ప్రవక్తా కన్నీరు పెట్టుకోడు.

లారీ అన్నాను కనుక ఆటోనగర్ సంగతి ఒకటి. ఇస్లామిక్ బ్యాంకులు వడ్డీ బదులు సరుకును తామే కొని లాభం వేసి వాయిదాల మీద అమ్ముతాయి, లేదా అద్దెకిస్తాయి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, హైర్ పర్చేజ్‌లో బండి తెచ్చుకున్న ఆటోనగర్ మనిషికి ఇది వివరించక్కర్లేదు. వాయిదాలు తీరేదాకా బండి ఫైనాన్సువాడిదే. తేడా ఒక్కటే. బండి లోయలో పడితే నష్టం ఎవరిది? నిజంగా నష్టంలో పాలు పంచుకుంటే అది వ్యాపారం. లేకపోతే టోపీ పెట్టుకున్న వడ్డీ. టోపీలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. వడ్డీ ముందే కోసుకుని తొంభై చేతిలో పెట్టి నూరు రాయించుకోవడం మన టోపీ.

వడ్డీ లేని అప్పు గాలిలో మేడ కాదు. హైదరాబాదులో నిజాం కాలంలోనే వడ్డీ లేని అప్పుల సంఘాలు నడిచాయి. ఉస్మానియాలో చదివి అక్కడే పాఠం చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశాడు. ఉస్మానియా అర్థశాస్త్ర శాఖలో పనిచేసిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1946లో ఇస్లాం, వడ్డీ సిద్ధాంతాల మీద పుస్తకమే వేశాడు. మన సహకార పరపతి సంఘాల పుట్టుక కూడా ఇలాంటిదే. జర్మనీలో రైఫైజెన్ అనే భక్తుడైన మేయరు పల్లె రైతుల్ని వడ్డీ వ్యాపారుల నుంచి తప్పించాలని సంఘాలు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా తిరిగి చూసి, ఇలాంటివాడు మనకూ కావాలని 1895లో నివేదిక ఇచ్చాడు. 1904లో చట్టం వచ్చింది.  

ప్రభుత్వం తెచ్చిన సున్నా వడ్డీ పథకం గురించి అడుగుతారని తెలుసు. అది మంచి సాయమే. కానీ అక్కడ వడ్డీ పోలేదు, దాని భారం ప్రభుత్వం మోసింది. పైగా సకాలంలో కట్టినవాళ్లకే అది. గడువు ఇమ్మన్న ఖురాన్ మాట కట్టలేకపోయినవాడి కోసం పుట్టింది. డెల్టాలో పాస్‌బుక్కు లేని కౌలు రైతుకు బ్యాంకు గుమ్మమే కష్టం. ఆయనకు సున్నా వడ్డీ గోడ మీద రాత.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. నా పారితోషికం ఇదిగో, కవరు విప్పలేదు. దీంతో మాస్టారి పేరున చేబదుళ్ల నిధి ఒకటి మొదలుపెట్టండి. ఆటోనగర్ కూలీకో, పటమటలో టిఫిను బండి అమ్మకో ఇవ్వండి. నోటు రాయించుకోవద్దు, ఖాళీ చెక్కు అడగొద్దు, ఇచ్చినంతే తీసుకోండి. ఇవ్వలేకపోతే గడువు ఇవ్వండి. ఖాతా తెరిచేటప్పుడు సేవింగ్స్ ఖాతా కాకుండా కరెంట్ ఖాతా తెరవండి. దానికి వడ్డీ రాదు.