ఉద్వాసన ధర్మం
(ఆలయ పునరుద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగమ విశేషాలను గురించి పెద్దలు ఇదివరకే సవివరంగా సెలవిచ్చారు. నాకు అప్పగించిన అంశం వేరు. పండుగ వేళ గృహస్థు నేల పట్ల, నీటి పట్ల పాటించవలసిన ధర్మాన్ని గురించి మాట్లాడమన్నారు. కుంభాభిషేక సభలో ఈ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆలయ ప్రతిష్ఠకూ ఇంటి పండుగకూ ఉన్న సంబంధాన్ని మీ ముందు ఉంచితే ఆ సందేహం తీరుతుందని నా విశ్వాసం.

పునరుద్ధరణ పనులు ఆరంభించే ముందు మూలమూర్తిలోని దైవకళను కలశజలంలోకి ఆకర్షించి, బాలాలయంలో నిలిపి అర్చించడం సంప్రదాయం. పనులు పూర్తయిన పిదప ఆ కళను తిరిగి మూలమూర్తికి చేరుస్తారు. నూతన విగ్రహమైతే జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం జరిపించి, అష్టబంధనంతో పీఠంపై స్థిరపరుస్తారు. ఇంత శ్రమ ఎందుకు? ఆ మూర్తి తరతరాల పాటు కదలక, చెదరక నిలవాలి. అందుకే శిలను ఎంచుకుంటారు. శిల్పి దాని దోషాలను పరీక్షించి, పగులు లేనిదని నిశ్చయించుకున్న తరువాతే ఉలి పడతాడు.

ఇక మన ఇంటికి రండి. భాద్రపద శుద్ధ చవితినాడు మనం ఆరాధించేది పార్థివ మూర్తిని, అంటే మట్టితో చేసిన మూర్తిని. ప్రాణప్రతిష్ఠ చేస్తాం, షోడశోపచారాలు సమర్పిస్తాం, ఉద్వాసన చెబుతాం, ఆ పిదప నీటిలో కలుపుతాం. ఆలయంలోని మూర్తి నిలవడం కోసం శిల అయింది. ఇంటిలోని మూర్తి కరగడం కోసం మట్టి అయింది. పెద్దలు రెండు చోట్లా ప్రయోజనాన్ని బట్టే పదార్థాన్ని నిర్ణయించారు. ఎండాకాలంలో చెరువు పూడిక తీసిన మట్టి, వానాకాలంలో మూర్తి రూపం దాల్చి, నిండిన అదే చెరువులో కలిసిపోయేది. తీసుకున్నది తీసుకున్నచోటికే చేరేది.

ఈ వ్యవస్థ మన కళ్ళముందే తలకిందులైంది. కరగవలసిన మూర్తిని కరగని పదార్థంతో చేయిస్తున్నాం. ఆవాహన మంత్రం శ్రద్ధగానే చదువుతున్నాం, ఉద్వాసన మంత్రం కూడా చదువుతున్నాం. అయితే నోటితో వెళ్ళిరమ్మన్న మూర్తి, చేతితో వదిలిన తరువాత చెరువు ఒడ్డున చేయి విరిగి, తొండం విరిగి పడి ఉంటున్నది. పదిరోజులు మొక్కిన రూపాన్ని ఆ స్థితిలో చూడగలిగిన భక్తుడెవరైనా ఉంటాడా?

ఆ పదార్థమే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. జిప్సం అనే ఖనిజాన్ని కాల్చి, అందులోని నీటి భాగాన్ని చాలావరకు పోగొట్టి ఈ పొడిని తయారు చేస్తారు. నీరు కలిపితే అది తిరిగి జిప్సంగా మారి గట్టిపడుతుంది. అచ్చులో పోస్తే క్షణాల్లో రూపం వస్తుంది, తేలికగా ఉంటుంది, చవకగా దొరుకుతుంది. అయితే మట్టి కొన్ని గంటల్లో విడిపోయే చోట ఇది నెలల తరబడి అడుగున పడి ఉంటుంది. కరిగిన కొద్దిభాగం నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. ప్రాణవాయువు అందని అడుగు బురదలో ఇందులోని సల్ఫేటును సూక్ష్మజీవులు కుళ్ళిన గుడ్ల వాసన వేసే వాయువుగా మారుస్తాయి. పైన పూసిన మెరుపు రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉంటే, అవి ఎక్కడికీ పోవు. బురదలో చేరి, చేపలోకి ఎక్కి, చివరకు మనిషిని చేరుతాయి.

మనం నివసించే ఈ ప్రాంతానికి ఈ విషయం మరింత సన్నిహితమైనది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రాతిగుట్టలు, వాటి నడుమ చెరువులు, తంగేడు పొదలు. ఉద్యోగాల నిమిత్తం ఉభయ తెలుగు రాష్ట్రాల నలుమూలల నుండి వచ్చిన మనమందరం ఆ గుట్టల మధ్యనే ఇళ్ళు కట్టుకున్నాం. కొండల నడుమ దాగి ఉండి రహస్య చెరువని పేరొందిన దుర్గం చెరువు, కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీరందించిన జలాశయం. 2020లో దానిపై తీగల వంతెన వెలసింది. సాయంకాలం వంతెన దీపాలను చూడటానికి పిల్లలను తీసుకువెళ్తాం. వంతెన కింది నీరు ఒకనాడు ఒక కోటకే దాహం తీర్చిందని వారికి చెప్పే తీరిక మనకు ఉండాలి. కుంభాభిషేకానికి ఎక్కడెక్కడి పుణ్యనదుల జలాలనో తెప్పించుకుంటాం, సంతోషమే. పక్కనున్న చెరువు నీటిని చేత తాకడానికి సంకోచించే స్థితి రావడం మాత్రం మన ఆచారానికి తగదు.

ప్రభుత్వ సంస్థలు, న్యాయస్థానాలు ఈ సమస్యను పట్టించుకున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ మూర్తులు కూడదని స్పష్టం చేసింది. 2021 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం అటువంటి మూర్తులను హుస్సేన్ సాగర్‌లో నిమజ్జనం చేయరాదని ఆదేశించింది. ఏర్పాట్లకు వ్యవధి లేనందున సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. 1954లో ఒక్క అడుగు మూర్తితో మొదలైన ఖైరతాబాద్ వినాయకుడు, 2022లో 50 అడుగుల ఎత్తున మట్టితోనే రూపుదిద్దుకున్నాడు. పెద్ద మూర్తికి మట్టి పనికిరాదన్న వాదన ఆనాటితో తీరిపోయింది. అంతటి మూర్తికి సాధ్యమైనది మన పూజాపీటపై జానెడు మూర్తికి సాధ్యం కాదా?

ఇంటి మూర్తికి చెరువు దాకా వెళ్ళవలసిన పని కూడా లేదు. రంగు పూయని చిన్న మట్టిమూర్తిని శుభ్రమైన బకెట్టు నీటిలో ఉంచితే కరిగిపోతుంది. ఆ నీటిని తులసికోటకో, బాల్కనీలోని మొక్కలకో పోయండి. వేలాది ఇళ్ళ మట్టి ఒకేరోజు ఒకే చెరువులో చేరితే అది కూడా పూడికే అవుతుంది కనుక, ఇంట కరిగించి ఇంటి మొక్కకు పోయడమే మేలు.

పత్రిపూజను గురించి ఒకమాట. ఏకవింశతి పత్రాలలో మాచిపత్రి, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, మామిడి, గన్నేరు, దానిమ్మ, మరువం, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు వంటివి ఉన్నాయి. వీటిలో కొన్ని పెరటివి, కొన్ని గట్టువి, కొన్ని అడవివి. పూజ పేరుతో ఇంటిల్లిపాదీ ఊరి చుట్టూ ఉన్న పచ్చదనాన్ని ఏడాదికి ఒకమారు పలకరించి వచ్చేవారు. నేడు దారంతో కట్టిన కట్టను కొని తెస్తున్నాం. అందులో ఏ ఆకు ఏదో అమ్మేవారికీ తెలియదు, కొనేవారికీ తెలియదు. ఇరవై ఒకటీ దొరకకపోయినా బాధ లేదు. దొరికిన ఐదింటిని పిల్లలచేత గుర్తింపజేసి, మిగిలిన వాటికి అక్షతలు సమర్పించండి. పేరు తెలిసిన మొక్కను పిల్లవాడు రేపు తొక్కడు.

చవితికి చెప్పిన ఈ న్యాయమే తక్కిన పండుగలకూ వర్తిస్తుంది. బతుకమ్మను చూడండి. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపూలు, పేర్చిన తాంబాళం, చివర చెరువు. కరగనిదంటూ అందులో ఒక్కటీ లేదు. 2014లో తెలంగాణ ఈ పండుగను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా గౌరవించింది. నేడు గునుగు పూలకు అద్దే రసాయనపు రంగులే ఆ పండుగకు పట్టిన మచ్చ. తెల్లని గునుగు తెల్లగానే ఎంతో అందంగా ఉంటుంది. దసరానాడు జమ్మిని బంగారమని పంచుకుంటాం. కొమ్మలు విరిచి చెట్టును మోడు చేయనవసరం లేదు, ఒక్క ఆకు చాలు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, కొద్దిపాటి నీటితో బతికే చెట్టు.

దీపావళి పేరులోనే దీపముంది. మట్టి ప్రమిద, నూలు వత్తి, నువ్వులనూనె, ఇంతకన్నా కావలసింది లేదు. టపాసులను గురించి సుప్రీంకోర్టు 2018లో చెప్పిన తీర్పు మనకు తెలిసినదే. కాలుష్యం తక్కువ చేసే రకాలనే వాడాలని, పండుగనాటి రాత్రి 8 నుండి 10 గంటల వరకే కాల్చాలని ఆదేశించింది. ఆ రకాలు సైతం పొగను తగ్గిస్తాయే గాని లేకుండా చేయవు. పదంతస్తుల భవనాల నడుమ ఆ పొగ త్వరగా చెదరదు. పై అంతస్తులో ఆయాసంతో బాధపడే వృద్ధురాలు, పక్క ఇంట్లో పురిటిబిడ్డ ఉన్నారని తలచుకుంటే ఎన్ని కాల్చాలో మనకే తెలుస్తుంది.

సంక్రాంతికి ముందురోజు భోగిమంట. పాత కర్ర సామాను, పిడకలు వేయవలసిన మంటలో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే అది విషధూమమే అవుతుంది. గాలిపటాలకు వాడే నైలాన్ మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017లో దేశమంతటా నిషేధించింది. చెట్లకు చిక్కుకున్న ఆ దారం కుళ్ళదు, పక్షి రెక్కను, దారిన పోయేవారి కంఠాన్ని కోస్తుంది. నూలుదారంతో ఎగిరిన పటం కూడా ఆకాశాన్నే అందుకుంటుంది.

ఆలయానికి సంబంధించి మరి రెండు మాటలు. మొదటిది అన్నదానం. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, చెంచాలు, మండపాల అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతటా నిషిద్ధం. మనకు మోదుగ విస్తళ్ళు, అడ్డాకులు, అరటి ఆకులు తరతరాలుగా ఉన్నాయి. అడ్డాకు విస్తరి వెనుక ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఆకు ఏరి, ఎండబెట్టి, కుట్టే గిరిజన కుటుంబాల జీవనం ఉంది. మనం విస్తరి ఎంచుకుంటే అన్నదాన పుణ్యం వారి ఇంటికీ చేరుతుంది. రెండవది నిర్మాల్యం. స్వామి కంఠాన్ని అలంకరించిన పూలను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి చెత్తబండికి ఇవ్వడం గాని, చెరువులో విసరడం గాని తగదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో వాడిన పూలతో అగరుబత్తీల తయారీ ఆరంభించింది. అంతటి ఏర్పాటు మనకు లేకున్నా, ప్రాంగణంలో ఒక మూలన ఎరువు గుంత మన శక్తికి మించినది కాదు. దారాన్ని, తళుకు కాగితాన్ని వేరుచేసి వేస్తే, కొన్ని నెలల్లో ఆ పూలే మారేడు పాదుకు ఎరువవుతాయి.

ఒక కుటుంబం మారినంత మాత్రాన చెరువు బాగుపడుతుందా అని కొందరు సందేహిస్తారు. ఈ ఆలయం గోపురం ఎలా పూర్తయిందో గుర్తు చేసుకోండి. ఒకరు ఇటుకకు ఇచ్చారు, ఒకరు సిమెంటుకు ఇచ్చారు, ఒకరు మెట్టుకు ఇచ్చారు. నా ఒక్క ఇటుకతో గోపురం లేస్తుందా అని ఎవరూ వెనుకాడలేదు. ఆ విశ్వాసమే ఇక్కడా కావాలి. అపార్టుమెంటు సంఘంలో ఒక్కరు లేచి ఈ ఏడాది మట్టిమూర్తే అని అంటే, వంద కుటుంబాల తరఫున నిర్ణయం జరిగిపోతుంది. శ్రమ కొంత ఉంటుంది. మట్టిమూర్తి బరువుగా ఉంటుంది, మెరుపు తక్కువగా ఉంటుంది, పిల్లలు ఒకటి రెండేళ్ళు అలుగుతారు. చేతికి మట్టిముద్ద ఇచ్చి మూర్తిని చేయమంటే ఆ అలక తీరుతుంది. తొండం వంకరగా వచ్చినా వాడు చేసిన స్వామికి వాడే మొదట మొక్కుతాడు.

కనుక నా మనవి ఒక్కటే. పండుగకు ఏ వస్తువు కొన్నా, చేత పట్టుకుని, ఉద్వాసన తరువాత ఇది ఎక్కడికి వెళ్తుందని ప్రశ్నించుకోండి. మట్టికి, మొక్కకు, నీటికి, తినే నోటికి చేరేదైతే ఇంటికి తెచ్చుకోండి. చెత్తకుప్పకే చేరేదైతే దుకాణంలోనే వదిలేయండి. దీనికి పాండిత్యం అక్కరలేదు, అధిక వ్యయమూ లేదు.

నిలవవలసిన దానిని నిలిపే పుణ్యకార్యాన్ని మీరు ఘనంగా నెరవేర్చారు. ఈ గోపురం తరతరాలు నిలుస్తుంది. దాని నీడలో పెరిగే పిల్లలకు కలశంలో పోసుకోదగిన నీరు కూడా దగ్గరలోనే ఉండాలి. కరగవలసిన దానిని కరగనిచ్చే బాధ్యతను ఈ ఏటి చవితి నుండే ప్రతి గృహస్థు స్వీకరించాలని ప్రార్థిస్తున్నాను. భగవంతుని అనుగ్రహం మీ కుటుంబాలపై, మీ వీధి చెట్లపై, మన చెరువులపై సదా ఉండుగాక.

స్వస్తి.