పేగు క్యాన్సర్: లెక్కలోకి రాని ఆడవాళ్లు

(మహిళా ఆరోగ్యంపై అనంతపురంలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం గర్భసంచి, కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి మాట్లాడతాం. అది అవసరమే. ఆ పోరాటాల్లోనే మనమంతా ఎదిగాం. కానీ ఆడవాళ్లకు గర్భసంచి ఒక్కటే కాదు, పేగులూ ఉన్నాయి. ఈ రోజు నేను పెద్దపేగుకీ, దాని చివరి భాగానికీ వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడదలచుకున్నాను. మలం, మలద్వారం అనే మాటలు సభలో పలకడానికి మొదట్లో నాకూ నోరు రాలేదు. ఆ సిగ్గుకి ఆడవాళ్లు ఏం చెల్లిస్తున్నారో ఊళ్లు తిరిగాక తెలిసింది.

స్వీడన్‌లో 1958 నుంచి జాతీయ క్యాన్సర్ రిజిస్టరు ఉంది. ప్రతి మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎవరికి జబ్బు వచ్చింది, వాళ్ల చదువు, ఆదాయం ఎంత, ఆపరేషన్ జరిగిందా, తర్వాత ఎన్నేళ్లు బతికారు అన్నది దేశం మొత్తం మీద పోల్చి చూడొచ్చు. అలా చూస్తే, వైద్యానికి పెద్దగా డబ్బు కట్టనక్కరలేని అటువంటి దేశాల్లో కూడా చదువు, ఆదాయం తక్కువున్నవాళ్లు ఈ జబ్బుతో త్వరగా చనిపోతున్నారని తేలింది. అంటే వైద్యం ఉచితమైనంత మాత్రాన సమానం కాదు.

మరి మన సంగతి? భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. 2020లో వచ్చిన నివేదికలో 28 రిజిస్ట్రీల లెక్కలున్నాయి. అవన్నీ కలిపినా దేశ జనాభాలో పదోవంతు. తెలుగు నేల నుంచి హైదరాబాదు జిల్లా ఒక్కటే. అనంతపురం అందులో లేదు.

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరికి వచ్చిన 800 మంది పేగు క్యాన్సర్ రోగుల వివరాలు 2017లో ప్రచురించారు. సగటు వయసు 47. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా ముసలితనంలో వచ్చే జబ్బు. ఆ 800 మందిలో 65 శాతం మగవాళ్లు. ఈ జబ్బు మగవాళ్లలో కొంత ఎక్కువన్న మాట నిజమే, ప్రపంచమంతటా అలాగే ఉంది. కానీ ఈ తేడాలో శరీరం వాటా ఎంత, సమాజం వాటా ఎంత? ఆసుపత్రి రికార్డు ఆ సంగతి చెప్పలేదు. జబ్బు పేరు తేలినవాళ్లే అందులోకి ఎక్కుతారు. పేరు తేలకుండా ఇంట్లోనే పోయిన మనిషి ఏ లెక్కలోకీ రాదు. అందుకే నేను ఆసుపత్రి గేటుకి ఇవతల ఏం జరుగుతోందో చూడాలనుకున్నాను.

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో వేరుశనగ కూలికి పోయే ఒకామెను అడిగాను: "ఎప్పట్నుంచి రక్తం పడుతోందక్కా?" ఆమె నన్ను వింతగా చూసింది. "మబ్బులోనే పోతాంటిమి కదమ్మా, ఏం కనపడ్తాది?" అంది. నా ప్రశ్నల పట్టికలో ఆ ప్రశ్న రాసుకున్నప్పుడు నాకది తట్టనే లేదు. తెల్లవారకముందే బయటికి పోయే ఆడమనిషికి మొదటి లక్షణం కంటికే కనపడదు. 2014 తర్వాత మరుగుదొడ్లు కట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో నీళ్లు లేక కొన్నిచోట్ల అందులో కట్టెలు పెట్టుకుంటున్నారు.

రెండోది రక్తహీనత. గడ్డ పేగు కుడివైపున ఉంటే రక్తం కంటికి కనపడకుండా కొద్దికొద్దిగా పోతుంది. ముందుగా తెలిసేది నీరసం, ఆయాసం. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి అరవై మందికి ఉన్నదాన్ని ఎందుకని ఎవరు అడుగుతారు? ఐరన్ మాత్రలిచ్చి పంపిస్తారు. ముట్లుడిగిన ఆమెకు రక్తం ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్న కూడా రాదు.

మూడోది మొలలు. రక్తం చూసినా ఆర్.ఎం.పి. డాక్టరు మొలలంటాడు, పసరు మందు, పూత మందు ఏదో ఒకటి నడుస్తుంది. పేగు చివర ఉండే గడ్డ చాలాసార్లు వేలితో చేసే పరీక్షకే తగులుతుంది. దానికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. మగ డాక్టరు అడగడు, ఈమె చెప్పదు. నేను కలిసిన ఒకామె ఏడాదిన్నర మొలల మందు వాడింది. ఆ కాలంలో ఒక్కరూ ఆమెను పరీక్ష చెయ్యలేదు.

ఇక గేటు దాటిన తర్వాత. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు దాన్ని ఎన్‌టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఖర్చు భరించే ఈ పథకం వల్ల బతికినవాళ్లు ఉన్నారు, అది కాదనను. కానీ జబ్బు పేరు తేలాకే అది పనికొస్తుంది. అక్కడిదాకా చేరడం ఎవరి ఖర్చు? పేగు చివరి క్యాన్సర్‌కి రేడియేషన్ మామూలుగా ఐదు వారాలు, పాతిక సార్లు ఇస్తారు. ఐదు వారాలు ఊరుగాని ఊళ్లో ఉండాలంటే తోడు ఎవరు, ఇంట్లో సంగటి కెలికేదెవరు, మేకల్ని తోలుకుపోయేదెవరు? మొగుడికి జబ్బు చేస్తే భార్య వెంట పోతుంది. భార్యకు చేస్తే చాలా ఇళ్లలో తల్లో, అక్కో దొరకాలి. ఆ రేడియేషన్‌తో ముట్లు ఆగిపోతాయని, కడుపున బిడ్డలు పుట్టకపోవచ్చని ముందుగా చెప్పలేదని ఒక చిన్నవయసు ఆమె నాతో అంది.

గడ్డ మరీ కిందికి ఉంటే మలద్వారం తీసేసి, పొట్టమీద దారి చేసి సంచి తగిలిస్తారు. ఆ సంచులు నెలనెలా కొనాలి. కడుక్కోవడానికి నీళ్లు కావాలి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో అది ఎలా సాగుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాసన వస్తుందని పెళ్లిళ్లకు పిలవరు, పక్క వేరు చేస్తారు. కొందరు ఇవన్నీ విని ఆపరేషనే వద్దన్నారు. రికార్డులో "రోగి నిరాకరించింది" అని రాస్తారు. ఆ రెండు మాటల వెనక ఇంత ఉంది.

మనం చెయ్యగలిగింది ఏమిటి? ప్రభుత్వం 2016 నుంచి 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలంటోంది. పేగు అందులో లేదు. ఇంగ్లండులో 2006 నుంచి చేస్తున్నట్టు అందరికీ మలపరీక్ష చేయాలని నేనడం లేదు. మన దగ్గర ఈ జబ్బు అంత ఎక్కువ లేదు. కానీ లక్షణాలున్న ఆడమనిషికి వేలి పరీక్ష, మలంలో రక్తం ఉందేమో చూసే పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మహిళా సిబ్బంది చేతుల మీదుగా జరగాలి. ప్రయాణ ఖర్చు, తోడు మనిషి కూలి, సంచుల ఖర్చు పథకంలో చేరాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు క్యాన్సర్ రిజిస్ట్రీ కావాలి. అందులో ఆడవాళ్లు ఎన్నాళ్లకు వచ్చారో, ఎందుకు ఆగిపోయారో కూడా రాయాలి.

అంతవరకూ ఆగనక్కరలేదు. వచ్చే సంఘం మీటింగులోనే అడగండి: మలంలో రక్తం పడుతోందా, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారిందా, బరువు తగ్గుతున్నారా, మాత్రలు మింగినా రక్తం పెరగడం లేదా? ఇవన్నీ క్యాన్సరే అని కాదు. పరీక్ష చెయ్యకుండా మొలలు అనే మాటతో మాత్రం ఎవర్నీ ఇంటికి పంపనివ్వకండి. ఆసుపత్రికి ఆమెతో పాటు మీలో ఒకరు వెళ్లండి.