చారిత్రక నవల - మన పిల్లల స్పందన
(అడ్డతీగలలో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఎ. బకాయిల గూర్చి మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలచేత ఒక చారిత్రక నవల చదివించి, వారి స్పందనను ఏ విధంగా రాబట్టాలనేది.

మహీధర రామమోహనరావుగారి ‘కొల్లాయి గట్టితేనేమి?’ మీలో చాలామంది చదివే ఉంటారు. 1920 ప్రాంతపు కోనసీమ కథ. గాంధీగారి పిలుపు విని రామనాథం అనే యువకుడు చదువు మానేస్తాడు. ఆ ఒక్క నిర్ణయంతో ఇల్లు, అగ్రహారం, కులం, పెళ్ళి అన్నీ కదులుతాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మొత్తం పుస్తకం బరువే. ఎంచిన ప్రకరణాలు గట్టిగా చదివి వినిపిస్తే చాలు.

చదివాక మనం సాధారణంగా ఏమి అడుగుతాం? సారాంశం రాయుము, నాయకుని శీలము వర్ణింపుము, నీతి యేమి? పిల్లవాడు గైడు చూసి రాస్తాడు. మార్కులు వస్తాయి, వాడి మాట మాత్రం బయటికి రాదు. పాఠకుడు తన బ్రతుకును తెచ్చి కలిపినప్పుడే పుస్తకానికి అర్థం ఏర్పడుతుందని అమెరికాలో లూయిజ్ రోజెన్‌బ్లాట్ అనే విద్యావేత్త 1938లోనే ఒక గ్రంథం రాశారు. మన కొండరెడ్డి పిల్లవాడు, కోయదొరల అమ్మాయి ఆ నవలలోకి ఏమి తెస్తారు? దాన్ని రప్పించే పనులు నాలుగు మనవి చేస్తాను.

మొదటిది గోడమీద కాలరేఖ. 1882 మద్రాసు అటవీ చట్టం. 1920 డిసెంబరు నాగపూరు కాంగ్రెసు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా, ఆ వెంటనే సహాయనిరాకరణ నిలుపుదల. అదే సంవత్సరం ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. అక్టోబరులో మన అడ్డతీగల. 1924 మే 7 అల్లూరి సీతారామరాజు మరణం. ఈ రేఖ కింద ఖాళీ వదలాలి. ‘అప్పటికి మా తాతల ఊరు ఏది? ఏమి పండించేవారు?’ అని ఇంట్లో అడిగి పిల్లలే నింపాలి.

రెండవది రెండు వరుసల నోటుబుక్కు. ఎడమవైపు నవలలో ఏమి జరిగింది, కుడివైపు నాకేమనిపించింది. కుడివైపు రాతకు మార్కులు వేయకూడదు. ఎర్రసిరా పడిందంటే పిల్లవాడు మళ్ళీ నిజం రాయడు.

మూడవది ఉత్తరం. చదువు మానిన రామనాథం తన మిత్రునికి ఉత్తరం రాసినట్టు ఒకరు రాస్తారు. అదే కాలంలో మన్యంలో ఉన్న ఒక కుర్రవాడు జవాబు రాసినట్టు మరొకరు రాస్తారు. ఈ కుర్రవాడికి మానడానికి బడే లేదు. పోడు కొట్టుకుంటే కేసు. లంబసింగి వైపు రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి ఉంది. బడి మానడం కూడా ఒక త్యాగమేనా అని వాడు అడగవచ్చు. అడగనివ్వండి. నవల కోనసీమ వైపునుంచి చూపిన కాలాన్ని మన పిల్లలు కొండవైపునుంచి పూరించాలి. నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే.

నాల్గవది నిజమూ కల్పనా వేరుచేయడం. రామనాథం కల్పితుడు. గాం మల్లుదొర కల్పితుడు కాడు. ఆయన రాజుతో పోరాడి, జైలు శిక్ష అనుభవించి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుండి ఎన్నికయ్యారు. అడ్డతీగల స్టేషను దాడి జరిగిన ఘటనే. ముందుగా కబురు రావడంతో పోలీసులు ఆయుధాలు దాచివేశారు, దళానికి అవి దొరకలేదు. ఆ రాత్రి స్టేషనులో ఉన్న ఒక చిన్న కానిస్టేబులు ఏమనుకొని ఉంటాడు? వాడూ జీతం మీద బ్రతికే యువకుడే. ఈ ఘట్టాన్ని తరగతిలో నాటకంగా వేయించండి. రెండు పక్షాలూ పిల్లలే వేయాలి, తరువాత పాత్రలు మార్చుకోవాలి.

ఇక్కడే మన అవసరం వస్తుంది. మనలో రెవెన్యూలో, అడవి శాఖలో, పోలీసులో, బడుల్లో పనిచేసినవారు ఉన్నాం. ‘తాతగారూ, మీరు ఆనాటి తహసీల్దారైతే ఏమి చేసేవారు?’ అని పిల్లలు అడిగితే తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. పై అధికారి ఉత్తర్వుకూ మనస్సాక్షికీ మధ్య ఉద్యోగి ఎలా నలుగుతాడో మనకంటే ఎవరు చెప్పగలరు?

ఇంకొక మాట. ఆ పితూరీని కళ్ళారా చూసినవారు ఇప్పుడు లేరు. వారి నోట విన్నవారు కొందరే మిగిలారు, వారూ పెద్దవయసువారు. ఈ నవల సాకుగా పిల్లలు నోటుబుక్కులతో ఆ గుమ్మాలు ఎక్కకపోతే ఆ మాటలు వారితోనే పోతాయి. పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయించుకోవచ్చు. మనిషి జ్ఞాపకం అలా దొరకదు.

అందుచేత వచ్చే జూన్‌లో బడులు తెరిచాక, హెడ్మాస్టర్ల అనుమతితో, మన సభ్యులు ఇద్దరిద్దరు చొప్పున వారానికి ఒక మధ్యాహ్నం పిల్లలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఒక నవల ప్రతి, కొన్ని నోటుబుక్కులు, ఓపిక ఉంటే చాలు. ఓపిక మనకు సర్వీసులోనే అలవాటైంది.