నర్సులు లేరా? పోస్టులు లేవా?

(మే 12 నర్సుల దినం నాడు పల్లెలో అంబేద్కర్ బొమ్మ దగ్గర జరిగిన సభలో ఒక పంతులమ్మ చేసిన ప్రసంగం)

 

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. బళ్లో లెక్కలు చెప్పుకునేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. ఇవాళ కూడా ఒక లెక్క అడగటానికే వచ్చాను.

పోయిన మాఘమాసంలో జరిగింది మీ అందరికీ తెలుసు. రాత్రి తొమ్మిదింటికి మన పల్లెలో ఒక ఆడకూతురికి నొప్పులొచ్చినయి. సబ్‌సెంటరుకు తాళం. ఏఎన్‌ఎం అమ్మను తప్పు పట్టలేం. ఆమె నెత్తిన మూడు సబ్‌సెంటర్ల పని పెట్టారు. 108 బండి వచ్చేలోపు కానుపు అయిపోయింది. తల్లీ బిడ్డా బతికారంటే ఎవరి వల్ల? నాలుగిళ్ల అవతల, పొద్దంతా మిరపకోతకు పోయొచ్చి అన్నం తింటున్న పిల్ల వల్ల. చెయ్యి కడుక్కుని ఉరికొచ్చింది. ఆ పిల్ల మూడేళ్లు చదివి జీఎన్‌ఎం పాసైంది. నర్సుల రిజిస్టర్లో ఆమె పేరుంది. ఆమె మాత్రం మిరప చేలో ఉంది!

తాళం వేసిన సబ్‌సెంటరూ, కూలికి పోతున్న నర్సూ ఒకే పల్లెలో ఉంటే, దీన్ని నర్సుల కొరత అందామా?

కొరత ఉందనే అందరూ అంటున్నారు. 2023 నాటికి ప్రపంచం మొత్తంలో 58 లక్షల మంది నర్సులు తక్కువయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క చెప్పింది. మన దేశంలో మాత్రం నర్సింగ్ రిజిస్టర్లలో 33 లక్షలకు పైగా పేర్లున్నయని కేంద్ర ప్రభుత్వం 2022లో చెప్పింది. 1946లో భోర్ కమిటీ చూసినప్పుడు 43,000 మంది జనానికి ఒక్క నర్సు. అప్పుడు నిజంగానే మనుషులు లేరు. ఇప్పుడు రిజిస్టరు నిండా పేర్లున్నయి. ఆ పేర్లలో పోయినవాళ్లున్నారు, విదేశాలకు వెళ్లినవాళ్లున్నారు, మన పిల్లలాగా కూలికి పోతున్నవాళ్లున్నారు. వార్డులో ఎందరున్నారన్నదే అసలు లెక్క.

మా నాయన్ని పెద్దాసుపత్రిలో పెట్టుకుని కాపలా పడుకున్న రాత్రి నేను లెక్కపెట్టాను. నలభై మంచాలు, ఒక్క సిస్టరు. మామూలు ఆసుపత్రిలో అయిదుగురు రోగులకు ఒక నర్సు, వైద్య కళాశాల ఆసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. నియమం కాగితం మీద ఉంది. సిస్టరు కాళ్లు మాత్రం తెల్లారేదాకా నేల మీద ఆనలేదు.

అసలు ఈ పని ఎవరిదో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో ఎంత పెద్దింటి బిడ్డైనా ఆమె చేతుల్లోనే పడింది. బొడ్డు కోసేది, మాయ తీసేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది. దొడ్డిదారిన పిలిచి, దొడ్డిదారినే పంపేవాళ్లు. కూలి ఒక పాత చీర, కుంచెడు జొన్నలు. ఆమె గడప దాటగానే ఇల్లంతా కడుక్కునేవాళ్లు. బిడ్డను ఇచ్చిన చెయ్యి మైలదైంది!

నెత్తురూ చీమూ ముట్టుకునే పనిని మైల అన్న సమాజం నర్సు పనిని కూడా చాలాకాలం చిన్నచూపే చూసింది. డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ మిషను ఆసుపత్రి లేచింది. అలాంటి ఆసుపత్రుల్లో మన ఆడవాళ్లు ఈ పని నేర్చి తెల్లచీర కట్టారు. ఆ చీర మనకు అక్షరం, జీతం, గౌరవం. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం పుచ్చుకున్న దళితుల్ని ఎస్సీ జాబితాలోకి రానివ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి, ఒక్క శాతం. రోగుల సేవలో ముందు నిలబడ్డ ఇళ్లకే రిజర్వేషన్ తలుపు మూశారు.

సావిత్రిబాయి ఫూలేని తలుచుకోండి. పూనాలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే రోగంతో 1897 మార్చి 10న ఆమె కన్నుమూసింది. సేవ అంటే మనకు కొత్త కాదు. సేవ పేరు చెప్పి జీతం ఎగ్గొట్టటం మాత్రం ఇక సాగనివ్వం.

జీతం సంగతి చెబుతా. మా చెల్లెలి కూతురు టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నెలకు తొమ్మిది వేలు. పన్నెండు గంటల డ్యూటీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో. మానేస్తానంటే డబ్బు కట్టమన్నారు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000కు తగ్గకూడదంది. 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఎవరిస్తారు, అడిగేవాళ్లు లేకపోతే? కేరళ నర్సులు సంఘం కట్టి, సమ్మెలు చేసి 2018 ఏప్రిల్లో ఆ 20,000 మూలవేతనాన్ని ప్రభుత్వ ఉత్తర్వుగా తెచ్చుకున్నారు. వాళ్లకి దేవుడు ఇవ్వలేదు, సంఘం ఇచ్చింది.

సర్కారు కొలువు సంగతేమిటి? మైదానంలో 5,000 మందికి, కొండల్లో గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటరు ఉండాలి. 2018 తర్వాత బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను అక్కడ పెట్టటం మొదలైంది. మంచిదే. కానీ కాంట్రాక్టు! పని శాశ్వతం, రోగం శాశ్వతం, మనిషి మాత్రం తాత్కాలికమా? ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది. పర్మినెంటు పోస్టులుంటేనే రిజర్వేషనుకు భరోసా. కాంట్రాక్టు అంటే మన వాటాకు ఎసరు పెట్టటమే.

ఇక విదేశం. పోయే పిల్లను నేను తప్పు పట్టను. తొమ్మిది వేలిచ్చే చోట ఉండమని చెప్పే హక్కు నాకెక్కడిది? డబ్బున్న దేశాల్లో దాదాపు నలుగురిలో ఒక నర్సు వేరే దేశంలో పుట్టినామే. మన డబ్బుతో, మన అప్పుతో తయారైన నర్సు వాళ్లకు రెడీగా దొరుకుతోంది. తప్పు ఆమెది కాదు, ఇక్కడ కుర్చీ ఖాళీగా పెట్టినవాళ్లది.

కార్యకర్తలకు నాలుగు పనులు చెప్పి ముగిస్తా.

ఒకటి. ప్రతి పల్లెలో నర్సింగ్ చదివిన పిల్లల పట్టిక రాయండి. ఏం చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు. పక్కనే మండలంలో ఖాళీ పోస్టుల పట్టిక. సమాచార హక్కు కింద అడగండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి కలెక్టరు ముందు కూర్చుందాం.

రెండు. పిల్లను కాలేజీలో చేర్చేముందు గుర్తింపు ఉందా, వంద పడకల సొంత ఆసుపత్రి ఉందా అని వెళ్లి చూడండి. బోర్డు చూసి మోసపోవద్దు. రోగి లేని కాలేజీలో నర్సు తయారు కాదు.

మూడు. ఎస్సీ స్కాలర్‌షిప్‌లో 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం అని 2020 డిసెంబరులో నిర్ణయమైంది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపుండాలి. డబ్బు ఆలస్యమైతే అది సర్కారు బాకీ, పిల్ల బాకీ కాదు. సర్టిఫికెట్లు ఆపితే ఒక్కతినే పంపకండి, పదిమంది కలిసి వెళ్లండి.

నాలుగు. టౌన్లో ప్రైవేటు నర్సులతో మాట్లాడండి. భయపడతారు. మళ్లీ వెళ్లండి.

మా అమ్మమ్మ దొడ్డిదారిన పోయింది. మన పిల్లలు ముందు గుమ్మంలోంచి, ఆర్డరు కాగితం చేతబట్టుకుని, పర్మినెంటు కుర్చీలో కూర్చోవటానికి పోవాలి. ఆ సబ్‌సెంటరు తాళం మన పిల్ల చేత తీయిద్దాం.

జై భీమ్!