ఇంగ్లాండులో పంటివైద్యం: ఉచితమెంత, ఖర్చెంత?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల పిల్లలు పలువురు ఇంగ్లాండులో స్థిరపడ్డారు. "అక్కడ వైద్యమంతా సర్కారుదే, దమ్మిడీ ఖర్చుండదు" అనే మాట మన కార్యాలయంలో తరచు వింటున్నాను. పళ్ళ విషయంలో అది నిజం కాదు. మా అమ్మాయి అక్కడే ఉన్నది కనుక రేట్ల పట్టిక తెప్పించుకొని, పాత అలవాటు చొప్పున కలం పట్టి లెక్క చూశాను.

1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ ఆరంభమైనప్పుడు పంటివైద్యం ఉచితమే. కట్టుడుపళ్ళకు జనం విరగబడ్డారు. బడ్జెట్ అంచనాలు తలకిందులయ్యాయి. 1951లో కట్టుడుపళ్ళకు, కళ్ళజోళ్ళకు రుసుం పెట్టారు. ఆ సర్వీసును నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్ అది సహించక మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. అయినా రుసుం పోలేదు. "పన్ను కట్టేవాడే పన్నుకు మళ్ళీ కట్టాలా?" అని మా అల్లుడి గొణుగుడు.

2025 ఏప్రిల్ 1 నాటి రేట్లు చెబుతాను. పరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే క్లీనింగు: 27.40 పౌన్లు. సిమెంటు నింపడం, రూట్ కెనాల్, పన్ను పీకడం: 75.30. క్యాపులు, కట్టుడుపళ్ళు: 326.70. స్కాట్లాండు, వేల్సుల పద్ధతి వేరు.

గుర్తుంచుకోవలసినది, ఈ రేటు పన్నుకింత అని కాదు, ఒక విడత వైద్యం మొత్తానికి. ఒక పన్ను నింపినా, నాలుగు నింపి ఒకటి పీకినా 75.30 పౌన్లే. కట్టుడుపళ్ళకు ముందు పరీక్ష, పీకడం జరిగినా మూడు రేట్లు కూడరాదు, 326.70తో సరి.

రోగికిది బాగానే ఉన్నది. డాక్టరు సంగతి చూడండి. 2006 కాంట్రాక్టు ప్రకారం ఆయనకు చెల్లింపు యూనిట్ల లెక్కన. ఒక పన్ను నింపితే 3 యూనిట్లు. ఆరు నింపినా అవే 3! 2022లో మూడు పళ్ళు, ఆ పైన నింపితే 5 చేశారు. గిట్టుబాటు కాక చాలామంది డాక్టర్లు సర్కారు పద్ధతిలో కొత్తవారిని చేర్చుకోవడం లేదు. పట్టికలో రేటుంటుంది, చేసే డాక్టరు దొరకడు. దొరకనివాడు ప్రైవేటుకు పోయి అడిగినంత ఇచ్చుకోవాలి. నన్నడిగితే అసలు ఖర్చు అక్కడున్నది, పట్టికలో కాదు.

ఇక మినహాయింపులు. 60 దాటితే మందుల చీటీకి రుసుం లేదు గాని, పళ్ళకు వయసు రాయితీ లేదు. పెన్షన్ క్రెడిట్‌లో గ్యారంటీ భాగం పొందే పేద వృద్ధులకు ఉచితం. 18 ఏళ్ళలోపు పిల్లలకూ ఉచితమే. అర్హత లేకుండా ఫారంలో టిక్కు పెడితే రుసుంతోపాటు 100 పౌన్ల దాకా జరిమానా.

పురిటికి సాయం వెళ్ళే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మనవి. గర్భిణికి, బిడ్డ పుట్టిన పన్నెండు నెలల దాకా తల్లికి అక్కడి సర్కారు పంటివైద్యం ఉచితం. మెటర్నిటీ సర్టిఫికెట్టు తీసుకోమని కూతురికో కోడలికో ముందే చెప్పండి. డాక్టరు కోసం వెతకడం కూడా అప్పుడే మొదలుపెట్టమనండి.