చూపించేది మన బతుకైతే, చెప్పాల్సింది మనమే



సంస్కృతిని అనుభవంగా అందించే పరిశ్రమ గురించి, దాని బాధ్యతల గురించి మాట్లాడమన్నారు. పేరు బరువుగా ఉంది గానీ సంగతి మీకు తెలిసిందే. ఒకప్పుడు టూరిస్టు కొండ చూసి, గుడి చూసి, ఫోటో తీసుకుని వెళ్లేవాడు. ఇప్పుడు అది చాలడం లేదు. ఊళ్లో ఒక రాత్రి ఉండాలి, అక్కడి కూడు తినాలి, వాళ్లతో కలిసి ఆడాలి, పాడాలి. వీఆర్ కళ్లజోడు పెట్టుకుని, కూర్చున్న చోటే అడవిలో తిరిగినట్టు చూసే ఏర్పాట్లూ వచ్చాయి.

మన రాష్ట్రంలో అరకు చూడండి. అక్కడి గిరిజన మ్యూజియంలో ఆదివాసుల జీవితాన్ని బొమ్మలతో చూపిస్తారు. పండగలకూ పెళ్లిళ్లకూ ఆడే థింసాను ఇప్పుడు టూరిస్టుల కోసమూ ఆడుతున్నారు. 2024 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ధర్తీ ఆబా పథకంలో దేశమంతటా 1000 గిరిజన హోమ్‌స్టేలు అనుకున్నారు. కొత్తగా రెండు గదులు కట్టుకోవడానికి 5 లక్షల వరకు, ఉన్నవి బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు సాయం ఉంది. రేపు ఈ పని మన గడప దాకా కూడా రావచ్చు. వచ్చినప్పుడు ఏం అడగాలో ముందే తెలిసుండాలి. అందుకే రెండు చోట్ల జరిగింది చెప్తాను.

అండమాన్‌లో జారవాల అడవి గుండా ఒక రోడ్డు పోతుంది. జంతువుల్ని చూడబోయినట్టు వాళ్లను చూడటానికి ఆ రోడ్డు మీద టూరిస్టుల బండ్లు బారులు తీరేవి. తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్లను ఆడించిన వీడియో 2012లో బయటపడింది. 2013లో సుప్రీంకోర్టు కొన్నాళ్లు ఆ దారిలో టూరిస్టుల్ని ఆపింది. ఆ బండ్ల మీద వచ్చిన డబ్బు వ్యాపారులది. మీకు ఇష్టమేనా అని జారవాలను అడిగినవాళ్లు లేరు.

రెండోది మనకు దగ్గరే, మహాబలిపురం దారిలోని వడనెమ్మేలి. అక్కడి ఇరుళర్లు పాములు పట్టడంలో దిట్టలు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగి, వాళ్ల కూటికి కష్టమైంది. 1978లో సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ విషంతో పాముకాటు మందు తయారవుతుంది. విషం తీయడం చూడటానికి జనం టికెట్ కొని వస్తారు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళర్లకు పద్మశ్రీ వచ్చింది.

రెండు చోట్లా జనం వచ్చింది చూడటానికే. ఒకచోట మనుషులు వింతయ్యారు, ఒకచోట గురువులయ్యారు. వడనెమ్మేలిలో సంఘం వాళ్లది, పని వాళ్లది, మాట కూడా వాళ్లది.

ఇక మన సంగతి. కొన్నేళ్ల కిందట ఒక కార్యక్రమానికి మా హాస్టల్ పిల్లల్ని పంపమన్నారు. ఒంటికి ఆకులు కట్టుకుని, మొహాలకు రంగు పూసుకుని రావాలన్నారు. తొమ్మిదో తరగతి పాప ఒకతి, 'మేడం, మా అవ్వ ఎప్పుడూ ఆకులు కట్టలేదే' అంది. ఆ మాటనే వాళ్లకు జవాబుగా చెప్పాను. కుండలో పొగ రాజేసి కన్నంలోకి ఊది ఎలుకను పట్టే నేర్పు మన తాతలది. ఏ ఆకు దేనికి మందో మన అవ్వలకు తెలుసు. చూపించాల్సి వస్తే ఇవి చూపిద్దాం. లేని వేషం మనకెందుకు?

ఒక తేడా గుర్తుంచుకోండి. అరకు షెడ్యూల్ ప్రాంతం. అక్కడ పీసా చట్టం గ్రామసభకు బలమిస్తుంది, 1/70 చట్టం భూమికి కాపలా కాస్తుంది. మన నెల్లూరు జిల్లా షెడ్యూల్ ప్రాంతం కాదు. ఇక్కడ ఆ రెండు చట్టాల అండ మనకు లేదు. మనకు రక్ష మన సంఘం, రాసుకున్న కాగితం.

కాబట్టి ఎవరొచ్చినా సంతకానికి ముందు మూడు అడగండి. ఏది చూపించాలో తేల్చేది ఎవరు? డబ్బు లెక్క ఎవరి చేతిలో ఉంటుంది? మేం వద్దంటే ఆపుతారా? వీడియో తీసినా, పాట రికార్డు చేసినా ఇవే ప్రశ్నలు. దేవర కొలుపులు, మూలికల గుట్టు పెద్దలు ఒప్పుకుంటే తప్ప బయటపెట్టొద్దు. మూలికల జ్ఞానంతో ఎవరైనా లాభం పొందితే అందులో మనకు వాటా ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టమే చెబుతోంది. బడి మాన్పించి పిల్లల్ని ఆడించే ఏ ఒప్పందమూ మనకొద్దు.

బాధ్యత వచ్చేవాళ్లదే కాదు, మీది కూడా. తెలియనిది చూపించలేం. శ్రీహరికోట అంటే లోకానికి రాకెట్లు. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో తరతరాలుగా బతికింది యానాదులు. ఆ కథ మన నోటితో చెప్పాలంటే ముందు మనం నేర్చుకోవాలి. చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి కాలనీల్లో ఉన్న పిల్లలు ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. వల అల్లడమో, తేనె తీయడమో, ఒక పాటో, వాళ్ల అనుమతితో నోటుబుక్కులో రాసుకోండి. చెప్పినవాళ్ల పేరు పైన రాయండి, మీ పేరు కింద రాయండి. సెలవులయ్యాక ఆ పుస్తకాలు సంఘం దగ్గర పెడదాం. రేపు ఎవరైనా తలుపు తట్టినప్పుడు మన దగ్గర ఏముందో, అందులో ఏది ఇవ్వమో మనకే తెలిసుంటుంది.