ఒక్క హరిశ్చంద్రుడు చాలడా?

పల్నాడు తిరునాళ్లలో తెల్లవార్లూ సాగే పద్యనాటకం వేడుకే కాదు, వ్యాపారం కూడా. కాంట్రాక్టరు ఊరి పెద్దలతో బేరం కుదుర్చుకుని, నటులకు బయానాలిచ్చి, హార్మోనిస్టునీ, అద్దె తెరలనూ, దుస్తులనూ సమకూరుస్తాడు. జనాన్ని రప్పించేది పేరున్న గాత్రమే కనుక, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు వంతులవారీగా వస్తారు. తలా ఒక ఊరి నుంచి ఆ సాయంత్రానికి చేరేవాళ్లకు రిహార్సల్‌కు వ్యవధి ఎక్కడిది? అందరికీ కంఠతా వచ్చిన పాత నాటకాలే మళ్లీ మళ్లీ ఆడడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ పద్ధతి కళను దిగజార్చిందని విమర్శ. పాత్రకు ఏకత్వం పోయిన మాట నిజమే. 1885లో మొదలైన సురభి నాటక సమాజంవారిలా కుటుంబాలే సమాజమైతే సాధన కుదురుతుంది. కానీ ఏడాది పొడవునా అందరినీ పోషించాలి. కాంట్రాక్టు నాటకానికి ఆ బరువు లేదు, అందుకే మారుమూల ఊళ్లకూ చేరింది. పైగా బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో, వినుకొండ బిడ్డ, కవి జాషువా శ్మశాన పద్యాలు స్థిరపడింది నటుల గొంతుల్లోనే, ప్రేక్షకుల వన్స్‌మోర్లతోనే. కాబట్టి తప్పు వ్యాపారానిది కాదు, లెక్కలో సాధనకు చోటివ్వకపోవడానిది. బేరంలో ఒక్కరోజు రిహార్సల్ ఖర్చు కలిపితే గాత్రంతోపాటు నాటకమూ నిలుస్తుంది.